అవ్వ నోట రాని పేరు

హలో! అందరూ బాగున్నారా? వినబడుతోంది కదా? ముందు చెప్పండి, తిన్నారా? ఆ మాట అడగనిదే నాకు ఏ ఫోనూ మొదలుకాదు. తినకపోతే పళ్లెం ముందు పెట్టుకునే చదవండి, ఈ కథకు అదేం అడ్డం కాదు. ఎందుకంటే ఇది మా నాందేడ్‌లోని ఒక రొట్టెల అవ్వ కథ.

పాత నాందేడ్‌లో, గోదావరికి దగ్గరగా, ఆటో కూడా దూరని ఒక గల్లీలో శివవ్వకు రెండు గదుల ఇల్లుంది. ఆ పొద్దున్న కూడా ఎప్పటిలాగే ఆ ఇంట్లోంచి టపటపమని చప్పుడు వస్తోంది. శివవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది. ఆమెకు ఒక కంట చూపు పోయింది. రెండో కంటికి లోకమంతా పొగలో ఉన్నట్టు కనిపిస్తుంది. అయినా రొట్టె ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలచబడిందో ఆమె వేళ్లకు తెలుసు. ఆ రొట్టెలు పక్క వీధిలోని మెస్సుకు వెళ్తాయి. ఊరు వదిలి చదువుకోడానికి వచ్చిన పిల్లలు అవి తిని, "అవ్వ రొట్టె" అని పేరే పెట్టేశారు.

"శివవ్వ జీ, దవా లేనే కా సమయ్ హో గయా హై," అని మందు వేళను గుర్తుచేసింది గూట్లోంచి ఒక ఆడగొంతు.

"హావ్, ఇన్న. గీ రొట్టె తిప్పనియ్ జర," అంది శివవ్వ.

గూట్లో ఉన్నది ఒక గుండ్రటి నల్ల డబ్బా. దాన్ని మనవరాలు కాజల్ తెచ్చి పెట్టింది. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. గంటెంతయిందంటే చెబుతుంది, మందులు గుర్తుచేస్తుంది, భజనలు పెడుతుంది, ఎవరికైనా ఫోన్ కలపమంటే కలుపుతుంది. దానితో హిందీలో మాట్లాడాలి. శివవ్వ పడుచుతనంలో కర్ఖేలి అనే పల్లె నుంచి ఇక్కడికి కూలికి వచ్చినప్పుడు, బస్తాలు కుట్టే చోట నేర్చుకున్న హిందీ దానికి చక్కగా సరిపోయింది. పొయ్యికీ పెనానికీ బొట్టు పెట్టినప్పుడు దానికీ ఒక బొట్టు పెడుతుంది. "ఆజీ, దాని చెవులు మూసుకపోతయ్!" అని కాజల్ మొత్తుకుంటుంది. మా వైపు పిల్లలు నానమ్మను మరాఠీలో ఆజీ అనే పిలుస్తారు లెండి.

ఆ డబ్బా రావడానికి ఒక కారణముంది. ఆ మధ్య శివవ్వ షుగర్ గోలీ వేసుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ ఇంకొకటి వేసుకుంది. కళ్లు తిరిగి గడపలో కూలబడింది. పక్కింటి సారిక చూసి చక్కెర నీళ్లు తాగించబట్టి బతికింది. ఆనాటి నుంచి కొడుకు ఒకటే పట్టు, ఇల్లు మూసి తన దగ్గరికి వచ్చేయమని. తల్లి ఒకటే పట్టు, రానని. మధ్యలో కాజల్ ఈ డబ్బా తెచ్చింది.

రొట్టె పెనం మీద ఉండగానే గల్లీ మొగదల్లో టెంపో హారన్ మోగింది.

శివవ్వ కొడుకు ముత్తన్న మోండాలో, అదే మా ధాన్యం మార్కెట్‌లో, టెంపో నడుపుతాడు. నదికి అవతల సిడ్కోలో ఒక బిల్డింగ్ మూడో అంతస్తులో కిరాయికి ఉంటాడు. భార్య శుభాంగి అక్కడి బడిలో పిల్లలకు వంట చేస్తుంది. కూతురు కాజల్‌తో కలిపి ముగ్గురూ పొద్దున్నే పోతే మళ్లీ దీపాల వేళకే ఇల్లు చేరతారు.

"అవ్వా, లెవ్వు. సామాను కడదాం. టెంపో ఖాళీగ తెచ్చిన," అంటూనే లోపలికి వచ్చాడు ముత్తన్న. వెనకాలే కాజల్ ఉరికొచ్చింది.

"యాడికిరా అయ్యా?"

"మా ఇంటికి."

"మొన్ననే అచ్చి పోతిని గద."

"అచ్చి పోవుడు గాదవ్వా, అచ్చి ఉండుడు."

శివవ్వ రొట్టె తిప్పింది.

"బాపూ, తొవ్వ పొంటి నేనేం చెప్పిన నీకు?" అంది కాజల్. "ఆజీ గోలీలు ఇప్పుడు ఒక్కటి గుడ తప్పుతలేదు. గా డబ్బా అచ్చినకాంచి ఒక్కసారన్న కండ్లు తిరిగినయా? అడుగు."

"నువ్వు సప్పుడు చెయ్యకు! మోండాల ఏమంటున్నరో ఎర్కేనా? ముత్తన్న తల్లిని డబ్బాకు అప్పజెప్పి ఆరాంగ ఉన్నడంటున్నరు. బస్తా మోసెటోడు గుడ నవ్వుతుండు. నా తల్లికి నేను దిక్కు లేనా? మిషిన్ దిక్కా?"

"నువ్వే దిక్కురా, కాదన్ననా?" అంది శివవ్వ. "ఆ పిల్ల నన్ను సాకుతలేదు. నన్ను నేను సాకుకునేటట్టు యాది చేస్తున్నది, గంతే. పైంగ నీ లెక్క ఒర్రదు. ఎన్నిసార్లు గంట అడిగినా జీ జీ అంటది."

కాజల్ ఫక్కున నవ్వింది. ముత్తన్నకు ఇంకా మండింది. కట్టెల పక్కన గోడకు ఆనించి ఉన్న పెద్ద పెనాన్ని ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. తీసుకెళ్లి టెంపోలో పడేసి వచ్చాడు. శివవ్వ పొయ్యి ముందు నుంచి కదల్లేదు.

"పెనం ఎక్కిచ్చినవ్. మరి పొయ్యినెట్ల ఎక్కిస్తవురా?" అంది నెమ్మదిగా. "గిది నేను మట్టి పిసికి ఏసుకున్న పొయ్యి. మీ మూడో అంతస్తుల నన్ను కూసోబెట్టి, పొద్దంత గోడలు సూడుమంటవ్. ఈడ నా చేతుల పనున్నది. నా రొట్టె కోసం ఎదురుసూసే పోరగాండ్లున్నరు. గా పని ఊడగొట్టుకున్ననంటే, అయ్యా, నేను ఉన్నా లేనట్టే."

ముత్తన్న గడపలో నిలబడిపోయాడు. తల్లి ఏడ్చి ఉంటే గెలిచేవాడేమో. ఆమె ఏడవలేదు.

ఇదే అదను అనుకుంది కాజల్. "బాపూ, ఒక్కసారి సూడు. ఆపతి అస్తే ఎట్లనో సూపిస్త. ఆజీ, నాకు ఫోన్ చెయ్."

శివవ్వ డబ్బాను పిలిచి, "కాజల్ కో ఫోన్ లగావ్," అంది. కాజల్ చేతిలో ఫోన్ మోగింది.

"సూసినవా? ఇగ బాపుకు చెయ్. ముత్తన్న కో ఫోన్ లగావ్, అను."

శివవ్వ చేతికంటిన పిండి దులుపుకుంది. "మనిషి ముందటనే ఉన్నడు గద, ఫోనెందుకు?"

"అను ఆజీ, ఒక్కపారి."

"రొట్టె మాడుతున్నది పోవే!"

"గిదీ సంగతి!" అన్నాడు ముత్తన్న చేతులు చరిచి. "ఫోన్ చేసుడే చాతనైతలేదు. ఏమన్న అయితే డబ్బా ఎగిరొచ్చి చెప్తదా నాకు? సరే. దసరా దాంక సూస్త. నడుమల ఏదన్న అయిందో, ఆ దినమే తాళం. మల్ల నన్ననొద్దు."

"అనను. మాటంటే మాటే," అంది శివవ్వ.

ముత్తన్న పెనం దించి, గోడకు ఆనించి, ముఖం గంటు పెట్టుకుని వెళ్లిపోయాడు.

మీలో పెద్దవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది. పిల్లల కోసం చెబుతాను. శివవ్వ మామగారి పేరు కూడా ముత్తన్నే. మా సరిహద్దు ఊళ్లలో ఆ తరం కోడళ్లు మామ పేరు నోటితో పలకరు. ఆయన పోయినా పలకరు. ఆ పేరే తన కొడుక్కి పెట్టినా పలకరు. కడుపున పుట్టినవాణ్ని కూడా "అయ్యా" అనే పిలుస్తారు.

శివవ్వకైతే అది భయం కాదు. ఆమెకు పురుడు వచ్చిన రోజున జోరువాన. భర్త పనికి వేరే ఊరు పోయాడు. మామే కర్ఖేలి నుంచి ధర్మాబాద్ దాకా బురదలో నడిచి, మంత్రసానిని వెంటబెట్టుకుని వచ్చాడు. తల్లీ పిల్లాడూ బతికారు. ఆ వానలో తడిసిన జ్వరంతో ఆయన పోయాడు. ఉయ్యాలలో వేసిన రోజు పిల్లాడికి ఆయన పేరు పెట్టారు. అందరూ ఆ పేరు పిలిచారు, తల్లి తప్ప. ఆమె ఆ పేరును నెత్తిన పెట్టుకుంది, నోట్లోకి దించలేదు. ఇది కాజల్‌కు తెలియదు. ముత్తన్నకు తెలుసు గాని, పుట్టినప్పటి నుంచీ "అయ్యా" అనే పిలుపు వింటున్నవాడికి ఆ క్షణాన గుర్తుకే రాలేదు.

దసరా ఇంకా రానేలేదు. ఒక మధ్యాహ్నం, గల్లీలో సగం మంది హిమాయత్‌నగర్‌లో పెళ్లికి పోయారు. సారిక కూడా పోతూ పోతూ, "అవ్వా, జాగ్రత్త," అని చెప్పి వెళ్లింది. శివవ్వ రొట్టెలు పంపించేసి, తినే ముందు గిన్నెలు తోమేద్దామనుకుంది. నీళ్లు పారే బండ మీద సబ్బు నురగ ఉంది. పొగచూపు కంటికి అది కనిపించలేదు.

కాలు జారింది. పడేటప్పుడు చెయ్యి ఆనించింది. మణికట్టులో ఏదో విరిగినట్టయింది. నడుము పట్టేసి లేవరావడం లేదు. అరిచింది. గల్లీలో ఎవరూ పలకలేదు. కాసేపటికి ఒళ్లంతా చెమటలు పట్టాయి, నాలుక పిడచగట్టింది. ఆ లక్షణాలు ఆమెకు తెలిసినవే. పొద్దున వేసుకున్న గోలీ లోపల పని చేస్తోంది, పొట్టలో మెతుకు లేదు. చక్కెర డబ్బా అటక మీద ఉంది.

పడ్డచోటి నుంచే గూట్లో డబ్బాను పిలిచింది. పలికింది. శివవ్వ ప్రాణం లేచి వచ్చింది.

"కాజల్ కో ఫోన్ లగావ్!"

మోగలేదు. కాజల్ పరీక్ష రాస్తోంది, ఫోన్ బంద్ చేసి సంచిలో పెట్టుకుంది. కాజల్ ఆ డబ్బాలో రెండే పేర్లు పెట్టింది, తనదీ, తండ్రిదీ. బడిలో వంట చేసేటప్పుడు తల్లి ఎలాగూ ఫోన్ ఎత్తదని మూడోది పెట్టలేదు.

"మేరే బేటే కో లగావ్," అంది శివవ్వ.

ఆ పేరుతో ఎవరూ లేరంది డబ్బా, మర్యాదగా, జీ అంటూ.

"నా అయ్యకు చెయ్యవే! నా కొడుకుకు! టెంపో నడుపుతడు సూడు, గాయినకు!"

డబ్బాకు అర్థం కాలేదు. ఎవరికి కలపాలో పేరు చెప్పమంది.

శివవ్వ కళ్లు మూసుకుంది. ఆ పేరు పలికితే మామకు తలవంపు. పలికి కొడుకును పిలిస్తే ఇంటికి తాళం, మాటంటే మాట అని తానే అంది. పలకకపోతే ఈ బండ మీదే ఆఖరు. కాసేపు ఆ తడిలో అలాగే పడి ఉంది. గూట్లో డబ్బా కూడా నిశ్శబ్దమైపోయింది.

అప్పుడు ఆమెకు ఆ వాన గుర్తొచ్చింది.

"మామా," అంది పైకి చూసి, "ఆ దినం నాకోసం వానల నడిసి పోయి మనిషిని తోలుకొచ్చినవ్. ఇయ్యాల్ల నీ పేరు పోయి నా కొడుకును తోలుకరావాలె. తప్పనుకోకు."

మళ్లీ డబ్బాను పిలిచింది. బాగున్న చేత్తోనే కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఒకప్పుడు మామ ఎదుట పడినప్పుడు లాక్కున్నట్టే.

"ముత్తన్న... ముత్తన్న కో ఫోన్ లగావ్."

మోండాలో ముత్తన్న టెంపోకు తాడు బిగిస్తున్నాడు. ఫోన్ మోగితే ఎవరిదని చూడకుండానే ఎత్తాడు. ఫోన్ కలిసిందని శివవ్వకు తెలియదు. ఆమె ఇంకా అదే మాట అంటూనే ఉంది. "ముత్తన్న... ముత్తన్నా..."

ఎవరో పెద్దావిడ అనుకున్నాడు. గొంతు తెలిసినట్టే ఉంది, పిలుపే కొత్తగా ఉంది. ఒక్క క్షణం తర్వాత తాడు అతని చేతిలోంచి జారిపోయింది.

"అవ్వా! ఏమైందే అవ్వా? అచ్చిన, అచ్చిన! ఫోన్ పెట్టకు!"

టెంపో ఎలా నడిపాడో అతనికే తెలియదు. గల్లీలో ఉరికి, తలుపు తోసి, తల్లి తలను ఒళ్లో పెట్టుకుని చక్కెర నీళ్లు తాగించాడు. ఎత్తుకుని దవాఖానాకు తీసుకెళ్లాడు. మణికట్టు విరిగింది, నడుము కమిలింది. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నాడు డాక్టర్.

సాయంత్రం అయ్యేసరికి అందరూ సిడ్కో ఇంట్లో ఉన్నారు. చేతికి కట్టుతో శివవ్వ మంచం మీద కూర్చుంది. తానే మొదలుపెట్టింది.

"తాళం ఏసుకోరా అయ్యా. మాట తప్పను. పెనం ఎవలకన్న ఇయ్యి, తుప్పు పడతది."

ముత్తన్న తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఆజీ, నాకు ముందుగాల చెప్పొద్దా?" అని కాజల్ ఏడ్చేసింది. "గా పేరు అనవని నాకేం తెలుసు? వేరే పేరు పెడుదు గద!"

"ఏమని చెప్పాలె బిడ్డా? చెప్పాలంటే పేరు చెప్పాలె గద!"

ఏడుస్తున్న కాజల్‌కు నవ్వొచ్చింది. శుభాంగి మాత్రం నవ్వలేదు. "నన్నడిగితే చెప్పకపోదునా?" అంది కూతురితో. "నేను మాత్రం మా మామ పేరు ఎన్నడన్న అన్ననా?" తర్వాత భర్త వైపు తిరిగింది. "నువ్వు తాళం తాళం అంటవ్. ఈడ ఉంటే మాత్రం ఏమైతుండె? పొద్దంత మనం ముగ్గురం బయటనే. మూడో అంతస్తుల, తలుపేసుకున్న ఇంట్ల అత్త పడితే ఎవలకు ఇనవడుతుండె? ఆడ డబ్బా అన్న ఉండె."

ముత్తన్న అప్పుడు నేల మీద కూర్చున్నాడు, తల్లి కాళ్ల దగ్గర.

"తాళం సంగతి ఇడిసిపెట్టు," అన్నాడు. "నా పేరు పిలిచినవవ్వా."

"తప్పాయెరా. మీ తాత..."

"తప్పు గాదు!" అని ఆమె బాగున్న చెయ్యి పట్టుకున్నాడు. "చిన్నగున్నప్పుడు పక్కింటి బాబురావును వాళ్లమ్మ వాకిట్ల నిలవడి పేరు పెట్టి పిలుస్తుండె. గల్లీ అంత ఇనవడుతుండె. నేను ఆడుకునుడు ఆపి, నా పేరు ఎప్పుడస్తదా అని సూస్తుంటి. అయ్యా అని నువ్వు పిలిస్తే పోతుంటి. పెద్దగైనంక ఎందుకో తెలిసింది, మరిచిపోయిన. ఇయ్యాల్ల ఫోన్ల ఇన్న. ఎవలో అనుకున్న అవ్వా. నా పేరు నీ గొంతుల ఎట్లుంటదో నాకు ఎర్కనే లేదు."

శివవ్వ పొగచూపు కన్ను నీటితో నిండింది. కట్టు చేత్తోనే కొడుకు తల నిమరబోయి, నొప్పికి "ఉస్స్" అంది. అందరూ ఒక్కసారి ఏడ్చి, ఒక్కసారే నవ్వారు.

దసరాకు శివవ్వ తన ఇంట్లోనే ఉంది. ముత్తన్న ఆ నున్నటి బండ తీయించి గరుకు బండ వేయించాడు, గోడకు పట్టుకునే కడ్డీ కొట్టించాడు. చక్కెర డబ్బా అటక దిగి నేల మీదికొచ్చింది. కట్టు విప్పేదాకా శుభాంగి బడికి ముందే వచ్చి రొట్టెలు కొట్టిపోయేది. "పిండి గట్టిగైంది. గిది రొట్టెనా, పిడకనా?" అని అత్త పీట మీద కూర్చుని వంకలు పెట్టేది. "నీ చెయ్యి మంచిగ కానియ్ అత్తా, అప్పుడు జెప్త నీ సంగతి," అనేది కోడలు. మోండాలో ఎవడైనా మళ్లీ డబ్బా మాట ఎత్తితే, "ఆ డబ్బానే మా అవ్వను నాకు దక్కిచ్చింది," అని ముత్తన్నే ముందుగా అనేవాడు. కాజల్ డబ్బాలో తండ్రి పేరు తీసేసి "అయ్య" అని పెట్టింది, తల్లినీ సారికనూ చేర్చింది. ఇప్పుడు శివవ్వ ఆ పేరు పలకకుండానే అందరినీ పిలవొచ్చు.

కట్టు విప్పిన తర్వాత ఒకరోజు మధ్యాహ్నం మోండాలో ముత్తన్న ఫోన్ మోగింది. అవ్వ ఇంటి నుంచి.

"అవ్వా! ఏమైంది?"

"ఏం గాలె. డబ్బా నడుస్తుందా లేదా అని సూసిన."

"గంతేనా? పానం పోయినంత పనైందే నాకు!"

అటు పొయ్యిలో కట్టె చిటపటమంది. తర్వాత శివవ్వ గొంతు, చాలా మెల్లగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు వచ్చింది.

"తిన్నవారా, ముత్తన్నా?"

ముత్తన్న బస్తాల వైపు తిరిగి నిలబడ్డాడు, హమాలీలు ముఖం చూడకుండా. "ఇంకా లేదవ్వా," అన్నాడు. "అస్తున్న. రొట్టె ఉంచు."

ఇంతే నా కథ. ఇలాంటి డబ్బా చేసినవాళ్లెవరో, వాళ్ల అమ్మ కడుపు చల్లగుండాలని నేనైతే దండం పెట్టుకుంటాను. మీ ఇంట్లో కూడా అవ్వ ఉండొచ్చు, ఆమె చేతిలో ఫోన్ ఉండొచ్చు. ఆమె మిమ్మల్ని ఏమని పిలుస్తుందో ఇవాళే ఒకసారి అడగండి, ఆ పేరే అందులో పెట్టండి. ఈ మాట తెలియాల్సినవాళ్లు మీకు గుర్తొస్తే, కథను వాళ్లకు పంపండి. చదవడం రాని పెద్దలుంటే పక్కన కూర్చుని వినిపించండి. ఉంటాను మరి. తినండి.